వర్ణపట విశ్లేషణ, నాలుగవ పాఠం: సాఫ్ట్‌వేర్ చూపే తరంగదైర్ఘ్యాన్ని పరీక్షించడం

గత పాఠంలో ఖగోళ సమాచారాన్ని దాచే ఫిట్స్ ఫైలు హెడర్‌ను, అంటే ఆ సమాచారాన్ని వివరించే పేర్లు, విలువల జాబితాను, తెరిచి చదవడం నేర్చుకున్నాం. ఆ హెడర్‌లోని విలువలను సాఫ్ట్‌వేర్ తప్పుగా తీసుకున్నప్పుడు ఆ తప్పును ఎలా పట్టుకోవాలో, ప్రోగ్రామును మనమే సరిదిద్దే వీలు లేనప్పుడు పనిని ఎలా సాగించాలో ఇప్పుడు చూద్దాం. ఇటువంటి బగ్‌లు ప్రోగ్రామును ఆపవు, హెచ్చరికా చూపవు. గ్రాఫు చక్కగా వస్తుంది, రేఖలన్నీ కనిపిస్తాయి, కానీ వాటి నుంచి లెక్కగట్టిన నక్షత్ర వేగం సెకనుకు పదుల కిలోమీటర్ల మేర తప్పుతుంది. అందువల్ల మధ్యలో ఆగిపోయే ప్రోగ్రాము కంటే ఇవే ఎక్కువ ప్రమాదకరమని నేను భావిస్తాను.

తరంగదైర్ఘ్యం సమాన మెట్లలో పెరిగే వర్ణపటంలో, పిక్సెల్ సంఖ్య నుంచి సీఆర్‌పిక్స్1 (ఆధార పిక్సెల్ సంఖ్య) విలువను తీసివేసి, మిగిలినదాన్ని సీడెల్ట్1తో (ఒక్కో పిక్సెల్‌కు పెరిగే మెట్టు) గుణించి, సీఆర్‌వాల్1కు (ఆధార పిక్సెల్ వద్ద తరంగదైర్ఘ్యం) కలిపితే ఆ పిక్సెల్ తరంగదైర్ఘ్యం వస్తుంది. ఫిట్స్ ప్రమాణం పిక్సెళ్లను 1 నుంచి లెక్కిస్తుంది, పైథాన్ 0 నుంచి లెక్కిస్తుంది; సొంతంగా రాసుకున్న చిన్న ప్రోగ్రాముల్లో తప్పు తరచుగా ఇక్కడే దొర్లుతుంది. హెడర్‌లో సీఆర్‌పిక్స్1 లేకపోతే ప్రమాణం ప్రకారం దాన్ని 0గా తీసుకోవాలి, కానీ ఫైలు రాసినవారి ఉద్దేశం 1 కావచ్చు. పిక్సెల్‌కు 1.5 ఆంగ్‌స్ట్రాంలు ఉన్న వర్ణపటం ఒక్క పిక్సెల్ జరిగితే, 6562.8 వద్ద ఉండవలసిన హైడ్రోజన్ ఆల్ఫా రేఖ సెకనుకు దాదాపు 69 కిలోమీటర్ల వేగాన్ని, 4861.3 వద్ద ఉండవలసిన హైడ్రోజన్ బీటా రేఖ దాదాపు 93 కిలోమీటర్ల వేగాన్ని అదనంగా చూపుతాయి. నక్షత్రం నిజంగా కదులుతుంటే రెండు రేఖలూ ఒకే వేగాన్ని చూపాలి. కాబట్టి ఎప్పుడూ ఒక్క రేఖతో సరిపెట్టుకోకుండా, దూరదూరంగా ఉన్న రెండు రేఖలను కొలవండి.

1980లలో అమెరికాలోని కిట్ పీక్ వేధశాలలో రూపుదిద్దుకున్న ఐరాఫ్ అనే ఖగోళ సాఫ్ట్‌వేర్ మెట్టు విలువను సీడీ1_1 అనే పేరుతో రాస్తుంది. సీడెల్ట్1ను మాత్రమే వెతికే పాత ప్రోగ్రాము అది దొరకనప్పుడు మెట్టును 1గా తీసుకుంటే వర్ణపటం సాగిపోయో, కుదించుకుపోయో కనిపిస్తుంది. ఫైలు నకలులో అదే విలువతో సీడెల్ట్1ను చేర్చడం దీనికి ఉపాయం. సీడీ1_1 ఉన్న చోట కొత్త ప్రోగ్రాములు సీడెల్ట్1ను పట్టించుకోకూడదని ప్రమాణమే చెబుతుంది గనుక ఈ చేర్పు వల్ల హాని లేదు. ఐరాఫ్ హెడర్‌లో రాసే డీసీ-ఫ్లాగ్ విలువ 1 అయితే అక్షం సంవర్గమానంలో ఉందని అర్థం; వర్ణపటం 3.6 ఆంగ్‌స్ట్రాంల వద్ద మొదలైనట్టు కనిపిస్తే కారణం ఇదే.

అన్నిటికంటే మోసపూరితమైనది గాలికీ శూన్యానికీ మధ్య తేడా. హైడ్రోజన్ ఆల్ఫా గాలిలో 6562.8 వద్ద, శూన్యంలో 6564.6 వద్ద ఉంటుంది. బీటా గాలిలో 4861.3 వద్ద, శూన్యంలో 4862.7 వద్ద ఉంటుంది. వేగంలోకి మార్చి చూస్తే రెండు చోట్లా తేడా సెకనుకు దాదాపు 83 కిలోమీటర్లే, అంటే పైన చెప్పిన రెండు రేఖల పరీక్షకు ఈ తప్పు దొరకదు, నిజమైన కదలికలాగే కనిపిస్తుంది. అక్షం రకాన్ని తెలిపే సీటైప్1లో ఏడబ్ల్యుఏవి అని ఉంటే గాలి, డబ్ల్యుఏవిఈ అని ఉంటే శూన్యం; ఐరాఫ్ ఫైళ్లలో కనిపించే లీనియర్ అనే మాట ఈ విషయంలో ఏమీ చెప్పదు. అప్పుడు మన వాతావరణమే సాక్ష్యం చెప్పాలి. రాత్రి ఆకాశంలో ఆక్సిజన్ వెలువరించే ఆకుపచ్చ రేఖ గాలిలో 5577.3 వద్ద, శూన్యంలో 5578.9 వద్ద ఉంటుంది, నక్షత్ర వేగంతో దానికి సంబంధం లేదు. భూమి కదలికకు సవరణ ముందే చేసి ఉన్నా అది సుమారు 0.6 ఆంగ్‌స్ట్రాంలకు మించి జరగదు.

తప్పు తేలిన తరువాత మార్పు ఏదైనా నకలులోనే చేసి, ఏం మార్చారో, సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ కోసం మార్చారో హెడర్‌లోని హిస్టరీ వరుసల్లో రాయండి. తరువాతి వెర్షన్‌లో బగ్‌ను సరిచేస్తే మన ఉపాయమే కొత్త తప్పుగా మారి, గాలి నుంచి శూన్యానికి మార్పు రెండుసార్లు జరిగిపోవచ్చు. అందుకే వెర్షన్ మారిన ప్రతిసారీ ఆకుపచ్చ రేఖను మళ్లీ కొలవాలి.

అభ్యాసానికి స్లోన్ అనే ఆకాశ సర్వే వర్ణపటం ఒకటి తీసుకోండి. అందులోని లాగ్‌ల్యామ్ నిలువు వరుస తరంగదైర్ఘ్యానికి 10 ఆధారంగా గల సంవర్గమానం, స్కై నిలువు వరుస తీసివేసిన ఆకాశ కాంతి. ఆ రెండింటితో గ్రాఫు గీసి, ఆకుపచ్చ రేఖకు గాస్ వక్రాన్ని అమర్చి కేంద్రాన్ని కనుగొనండి. అక్కడ ఒక్కో పిక్సెల్ దాదాపు 1.3 ఆంగ్‌స్ట్రాంలు ఉంటుంది గనుక ఎత్తైన పిక్సెల్‌ను చూసి నిర్ణయించకూడదు. కేంద్రం శూన్యపు విలువ 5578.9కు అటూ ఇటూ 0.6 లోపల, అంటే 5578.3కూ 5579.5కూ మధ్య రావాలి. అలా వచ్చినవారు ఆ ఫైలునే దగ్గర ఉంచుకోండి, వచ్చే పాఠంలో రేఖల తుల్య వెడల్పును దానితోనే కొలుద్దాం.