జీవిత పరిచయం రాద్దాం – 4వ పాఠం: చదువు

పోయిన పాఠంలో పుట్టుక, కుటుంబం గురించి ఒక పేరా రాశారు. ఈసారి చదువు. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. డిగ్రీలన్నీ వరసగా పేర్చేస్తారు, వ్యాసం కాస్తా బయోడేటా అయి కూర్చుంటుంది.

అమెరికా నల్లజాతి పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌ని తీసుకుందాం. జార్జియా రాష్ట్రం అట్లాంటాలో హైస్కూలు, అక్కడే మోర్‌హౌస్ కాలేజీలో సోషియాలజీ బీఏ (1948), పెన్సిల్వేనియాలోని క్రోజర్ సెమినరీలో మతశాస్త్ర పట్టా (1951), బోస్టన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ (1955). ఇదంతా ఒక్క వాక్యంలో తేల్చేయండి. మిగిలిన చోటు ఒక సంఘటనకి ఇవ్వండి. నేనైతే ఇది ఎంచుకుంటాను:

1944 ఏప్రిల్ 17న కింగ్ జార్జియా రాష్ట్రంలోనే ఉన్న డబ్లిన్ అనే ఊళ్లో వక్తృత్వ పోటీలో మాట్లాడాడు. అంశం, నల్లజాతీయులు – రాజ్యాంగం. తిరుగు ప్రయాణంలో తెల్లవాళ్లు బస్సెక్కగానే, కింగ్‌నీ వెంట వచ్చిన టీచర్నీ సీట్లు ఖాళీ చెయ్యమన్నాడు డ్రైవరు. కుర్రాడు వెంటనే లేవలేదు. టీచరు నచ్చజెబితే లేచాడు. అట్లాంటా దాకా దాదాపు 145 కిలోమీటర్లు నిలబడే వచ్చారు.

దీని కింద ‘ఎంత అన్యాయం!’ అని రాయకండి. ఏ అంశం మీద మాట్లాడి వస్తున్నాడో ముందే చెప్పాం కదా, అది చాలు.

ఇప్పుడు లెక్క. పెద్దయ్యాక ఒక ఇంటర్వ్యూలో ఈ సంగతి చెబుతూ, అప్పుడు తనకి 14 ఏళ్లన్నారు కింగ్. ఆయన పుట్టింది 1929 జనవరి 15. తీసివేసి చూడండి, 15 నిండాయి. కాబట్టి వయసు ఎవరి నోటి మాట మీదా రాయకండి, తేదీల నుంచి కట్టండి. ఆ సెప్టెంబరులోనే మోర్‌హౌస్‌లో చేరాడు. అంత చిన్న వయసులో ఎలా? రెండో ప్రపంచ యుద్ధం వల్ల కాలేజీలో విద్యార్థులు తగ్గిపోయి, ప్రవేశ పరీక్ష పాసైన హైస్కూలు పిల్లల్నీ చేర్చుకున్నారు. ఈ కారణం వదిలేస్తే పాఠకుడు బాలమేధావి అనుకుని ముందుకెళ్లిపోతాడు.

ఇబ్బంది పెట్టే సంగతులూ ఉంటాయి. గొప్ప వక్తగా పేరుపడ్డ కింగ్‌కి క్రోజర్‌లో ప్రసంగకళలో వచ్చింది సి గ్రేడు. ఇది అందరూ సరదాగా రాస్తారు. ఆయన పీహెచ్‌డీ థీసిస్‌లో ఇతరుల రాతలు సరిగ్గా పేర్కొనకుండా వాడుకున్నారని 1991లో బోస్టన్ యూనివర్సిటీ కమిటీ తేల్చింది, పట్టా మాత్రం వెనక్కి తీసుకోలేదు. దీన్ని అభిమానులు దాచేస్తారు. మీరు రెండూ రాయండి.

చివరిగా ఆయన పేరు పెట్టుకున్న బడులు. ఎన్ని ఉన్నాయో అంకె వేస్తే చదివేవాళ్లకి బోరు. ఒక్కటి చాలు, అదీ కాస్త చిక్కున్నది. మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లోని కింగ్ ఎలిమెంటరీ స్కూల్లో పేద నల్లజాతి పిల్లల తరఫున కొందరు కోర్టుకెక్కారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే, బడి ఇంగ్లీషుకి తేడాగా ఉండే నల్లజాతి ఇంగ్లీషుని లెక్కలోకి తీసుకోకుండా చదవడం నేర్పుతున్నారని, అందుకే పిల్లలు వెనకబడుతున్నారని వాదన. 1979లో ఫెడరల్ జడ్జి చార్లెస్ జాయినర్ ఆ వాదనతో ఏకీభవించి, ఆ భాష గురించి టీచర్లకు అవగాహన కల్పించే ప్రణాళిక వెయ్యమని స్కూలు యంత్రాంగాన్ని ఆదేశించారు. యాసని క్లాసులో వెక్కిరించడం చూసినవాళ్లకి ఈ కేసు ఇంకాస్త దగ్గరగా తోస్తుంది. పేరు కింగ్‌ది కావడం వల్ల బడి తీరు మారిపోలేదు, పిల్లలు కోర్టుకెళ్లాల్సి వచ్చింది. శిలాఫలకం ఫొటో కన్నా ఇలాంటి సంగతే పేరాని నిలబెడుతుంది.

అభ్యాసం: అంబేడ్కర్ చదువు గురించి 120 మాటల్లో రాయండి. డిగ్రీలకు ఒక్క వాక్యం, ఒక్క సంఘటనకు సగం పేరా. ఆయన పుట్టింది 1891 ఏప్రిల్ 14, కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది 1913 జులైలో. వయసు మీరే కట్టండి. తర్వాత మీ దగ్గర్లో ఆయన పేరున్న గురుకులమో, హాస్టలో చూసి, అక్కడి పిల్లలతో మాట్లాడి రెండు వాక్యాలు చేర్చండి. ఐదో పాఠంలో ఉద్యోగం, పెళ్లి.