టైల్స్ సందుల్లో నలుపు వదిలించడం

మా వంటింటి టైల్స్ సందులు అసలు ఏ రంగో ఫ్రిజ్ జరిపిన రోజు తెలిసింది. దాని కింద లేత బూడిద రంగు, మిగతా గదంతా నల్లటి గీతలు. రోజూ మాప్ పెడుతున్నా ఇలా ఎందుకయిందా అనుకున్నాను. మాప్ పెట్టడం వల్లే అయింది! బకెట్లోని మురికి నీళ్లు టైల్ మీద నిలవవు, కాస్త పల్లంగా ఉండే సందుల్లోకి జారతాయి. అక్కడ సందులు నింపడానికి పెట్టిన సిమెంటు గ్రౌట్ వాటిని స్పాంజిలా పీల్చుకుంటుంది. నీళ్లు ఆరిపోతాయి, మురికి ఉండిపోతుంది.

మొదటిసారి నేను బాత్రూమ్ కడిగే యాసిడ్ పోశాను. బుస్సుమని నురగ వస్తుంటే మురికంతా పొంగుతోందని సంబరపడ్డాను. పొంగింది సిమెంటు. ఆరాక గోటితో గీస్తే ఇసకలా రాలింది. వెనిగర్, నిమ్మరసం అంత ఘాటైనవి కావు గానీ మళ్లీ మళ్లీ వాడితే అవీ గ్రౌట్‌ను తినేస్తాయి. మార్బుల్ మీద పడితే మెరుపు పోతుంది.

ఇప్పుడు ముందు దుమ్మంతా పొడిగా ఊడ్చేస్తాను. వంటసోడాలో కొద్దికొద్దిగా నీళ్లు పోసి టూత్‌పేస్టంత చిక్కగా కలిపి, సందుల వెంట వేలితో పూసి పది నిమిషాలు వదిలేస్తాను. మొండి మరకలుంటే నీళ్లకు బదులు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతాను. అది కలిపింది అప్పటికప్పుడే వాడేయాలి, సీసాలో పెట్టి మూత బిగించకూడదు.

బ్రష్‌కి ఒక చిట్కా ఉంది. పాత టూత్‌బ్రష్ కుచ్చును కత్తెరతో సగానికి కత్తిరించండి. పొట్టి కుచ్చు వంగదు, సందులోకి దిగి గట్టిగా రుద్దుతుంది. ఇనప పీచు జోలికి మాత్రం వెళ్లకండి, గ్రౌట్ అరిగిపోతుంది.

కూర్చున్న చోటు నుంచి చేయి అందినంత మేరే రుద్ది, ఆ నల్లనీళ్లు ఆరకముందే గుడ్డతో అద్ది తీసేయాలి. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడవాలి. గదంతా రుద్దాక ఒకేసారి తుడుద్దామనుకుంటే వదిలిన మురికి మళ్లీ అక్కడికే చేరుతుంది. తడి గ్రౌట్ ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది కాబట్టి ఫలితం మర్నాడు చూడండి, అప్పుడే నీరసపడకండి.

బాత్రూమ్‌లో నల్లచుక్కలు బూజువి. బ్లీచ్‌ను డబ్బా మీద చెప్పినట్టు పలచన చేసి, కిటికీ తెరిచి, గ్లౌజులు వేసుకుని వాడొచ్చు. యాసిడ్, వెనిగర్, అమోనియా ఉన్న క్లీనర్లు దానికి తగలకూడదు, విషవాయువు వస్తుంది. మూలల్లో రబ్బరులా ఉండే సిలికాన్ పట్టీ లోపలికే బూజు పట్టి ఉంటే రుద్ది లాభం లేదు, ఊడదీసి కొత్తది వేయించడమే.

శుభ్రం చేశాక ఒకటి రెండు రోజులు బాగా ఆరనిచ్చి, సందు మీద ఒక నీటి చుక్క వేయండి. పూసలా నిలబడితే సరే. కాసేపట్లో ఇంకి ఆ చోటు నల్లబడితే గ్రౌట్ సీలర్, అంటే నీళ్లు ఇంకకుండా ఆపే పూత కావాలి. సన్నని బ్రష్‌తో పూసి, టైల్ మీద పడింది ఆరేలోపు తుడిచేయండి, లేకపోతే జిగురు పొరలా పట్టేస్తుంది. సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ అయితే సీలర్ అవసరం లేదు.

నేను యాసిడ్ పోసిన మూలకు ఇవేవీ పనిచేయలేదు. రాలిన గ్రౌట్ గీకించి కొత్తది పెట్టించాను. రంగు కొద్దిగా తేడాగా ఉంది. చెత్తబుట్ట అక్కడ పెట్టాను.