షుగర్ ఉన్నవాళ్లు చాప పరిచే ముందు

మల్కాజిగిరిలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పొద్దున్నే యోగా నేర్పిస్తాను. కొత్తగా చేరిన షుగర్ పేషెంట్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "మేడం, మాత్రలు ఎప్పుడు మానెయ్యొచ్చు?" అది మీ డాక్టర్ని అడగాల్సిన మాట. యోగా మందుకి తోడే కానీ బదులు కాదు.

చేరే ముందు బీపీ, పాదాల స్పర్శ, కంటి రెటీనా చూపించుకుని రండి. రెటీనా దెబ్బతిన్నవాళ్లతో తల కిందికి వంచే ఆసనాలేవీ వేయించను. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉంటే కపాలభాతి కూడా వద్దు.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవాళ్లు పరగడుపున వచ్చి కళ్లు తిరుగుతున్నాయంటారు. ఇంట్లోనే షుగర్ మీటర్‌తో చూసుకోండి. 100 కంటే తక్కువుంటే ఒక అరటిపండు తిని రండి. చెమట, వణుకు మొదలైతే ఆసనం ఆపేసి చూసుకోవాలి. 70 లోపుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. అందుకే నా సంచిలో గ్లూకోజ్ ప్యాకెట్ ఎప్పుడూ ఉంటుంది.

మండూకాసనం వేస్తే పాంక్రియాస్‌లోంచి ఇన్సులిన్ కారుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. నేనైతే నమ్మను. నాకు తొడలకి పని చెప్పే ఆసనాలే ముఖ్యం: ఉత్కటాసనం, వీరభద్రాసనం, నెమ్మదిగా సూర్య నమస్కారాలు. కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకపోయినా రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీ పట్టుకునే చేయండి, నామోషీ ఏం లేదు. అర్ధమత్స్యేంద్రాసనం రాకపోతే వక్రాసనం చాలు. భోజనం తర్వాత వజ్రాసనం మంచిదంటారు కానీ, పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు దాని బదులు పావుగంట మేడ మీద నడవండి.

చివర్లో శవాసనం అనగానే చాపలు చుట్టేసేవాళ్లుంటారు, ముఖ్యంగా ఆఫీసుకి మెట్రో అందుకోవాల్సినవాళ్లు. నిజానికి టెన్షన్ వాళ్లకే ఎక్కువ. టెన్షన్‌లో కార్టిసాల్, అడ్రినలిన్ అనే హార్మోన్లు పెరిగితే కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. కాబట్టి పది నిమిషాలు కదలకుండా పడుకోండి, ఊపిరి వదలడం పీల్చడం కంటే నిదానంగా సాగాలి. ఇంత చేసి, బయటికెళ్లగానే ఇరానీ చాయ్, ప్లేటు నిండా ఉస్మానియా బిస్కెట్లు లాగిస్తే నేనేం చెయ్యను!

వారానికి 150 నిమిషాలైనా కావాలి, వరసగా రెండు రోజులకి మించి నాగా పెట్టొద్దు. రోజువారీ రీడింగులు చిన్న పుస్తకంలో రాసుకోండి, పక్కనే ఆ రోజు ఏం చేశారో కూడా. హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష గత మూడు నెలల షుగర్ సంగతి చెప్తుంది కాబట్టి నెల తిరక్కుండానే చేయించుకుని బెంగపడొద్దు. తరచూ 70 దగ్గరికి దిగిపోతుంటే ఆ పుస్తకం పట్టుకుని డాక్టర్ దగ్గరికెళ్లండి. డోసు తగ్గించాలో లేదో ఆయన చూసుకుంటారు.