శ్రీకాకుళంలో ఐపీ పెట్టాలంటే

అప్పులు మెడ మీదకొచ్చి ఇక తీర్చలేమని తేలిపోయాక, ఊరొదిలి పోవడం కన్నా కోర్టులో ఐపీ (ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా దరఖాస్తు) పెట్టడం నయం. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది గానీ మామూలు అప్పుదారుల భాగం ఇంకా అమల్లోకి రాలేదు, అందుకే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు.

సివిల్ కేసులు చూసే లోకల్ లాయర్‌ని పట్టుకోండి. ఫీజుకి కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

అసలు పనంతా అప్పుల జాబితాలో ఉంది. పలాసలో జీడిపిక్కలు కొనడానికి ప్రోనోటు మీద తెచ్చింది, పాడేసిన చీటీలో కట్టాల్సిన వాయిదాలు, బ్యాంకు లోను, బావమరిది దగ్గర చేబదులు, అన్నీ పేరు, అడ్రసు, మొత్తంతో సహా రాయాలి. చుట్టమే కదా అని బావమరిదిని వదిలేయకండి. ఆస్తులూ అంతే. ముందే ఇల్లు భార్య పేరున రాసేయమని సలహా ఇచ్చేవాళ్లు వీధికొకరుంటారు (వాళ్లెవరూ కోర్టుకి రారు), కానీ దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు వెనక్కి లాగొచ్చు, మోసంగా దాచినట్టు తేలితే ఏడాది దాకా జైలు.

కోర్టు దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టు లేదా అది నియమించే రిసీవర్ అధీనంలోకి వెళ్తుంది. తాకట్టు బంగారం మీద బ్యాంకు హక్కు పోదు. ప్రభుత్వ బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు ఎలాగూ వదలవు.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. కోర్టు పెట్టిన గడువులోగా డిశ్చార్జి పిటిషన్ (అప్పుల నుంచి విముక్తి కోరే దరఖాస్తు) వేయకపోతే ఆ దివాలా ఉత్తర్వే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ గుమ్మంలో ఉంటారు. ఆ తేదీని లాయరు గుమస్తా దగ్గర అడిగి రాసిపెట్టుకోండి.