రొయ్యల ఎగుమతిపై పీహెచ్‌డీ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

భీమవరం, అమలాపురం వైపు చెరువుల నుంచి అమెరికా దాకా సాగే వ్యాపారంపై పరిశోధన చేయబోయేవారు సర్వేకి దిగేముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముఖ్యం కౌంట్. మన చెరువుగట్టున 40 కౌంట్ అంటే కిలోకు 40 రొయ్యలు. అమెరికా మార్కెట్లో లెక్క పౌండుకు, అదీ తరచుగా తల తీసిన రొయ్యకు. ఈ రెండు ధరలనూ పక్కపక్కన పెట్టి మధ్యవారి లాభం ఇంత అని తేల్చేస్తే రైతుకూ, వ్యాపారికీ అన్యాయమే. తూకం, తల, పొట్టు, ప్రాసెసింగ్ ఖర్చు ముందు సరిచూసుకోండి.

• మన ఎగుమతి లెక్కలు ఎక్కువగా ఏప్రిల్–మార్చివి, అమెరికావి జనవరి–డిసెంబరువి. నెలవారీ అంకెలు తీసుకుని మీరే కూడండి.

• విశాఖ రేవు అంకెను గోదావరి జిల్లాల అంకెగా రాయకండి.

• మన రొయ్యలపై అమెరికా యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసే పన్ను) 2005లో వచ్చింది, వనామీ అనే రొయ్య రకం సాగుకు అనుమతి 2009లో. అంతకుముందు సాగైన టైగర్ రకం కాలాన్నీ వనామీ కాలాన్నీ కలిపేస్తే సుంకం ప్రభావం ఎంతో, రకం మారడం వల్ల వచ్చిన తేడా ఎంతో విడదీయలేరు. గైడుతో ముందే మాట్లాడాల్సింది దీని గురించే.

• ఉప్సాలా నమూనా (కంపెనీలు విదేశీ మార్కెట్లలోకి అంచెలంచెలుగా వెళ్తాయనే సిద్ధాంతం) 1977లో స్వీడన్ కంపెనీలను చూసి రాసింది. ఇక్కడ ఎగుమతి చేసేది ప్రాసెసింగ్ ప్లాంటు, రైతు కాదు. అది ఎవరికి వర్తిస్తుందో ముందే తేల్చుకోండి.

• పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజున రైతును ఇంటర్వ్యూ అడగవద్దు. అప్పుల వివరాలు చెబితే పేరు, ఊరు రెండూ దాచండి.