ముందు బ్రేకు గరగరలాడుతోందా? ప్యాడ్లు కొనే ముందు పిన్నులు చూడండి

కారు బ్రేకు తొక్కగానే ముందు చక్రం దగ్గర ఇనుము ఇనుముకు రాసుకున్నట్టు గరగరమంటే ప్యాడ్లు అయిపోయాయని అందరూ అనేస్తారు. చాలాసార్లు నిజమే. కానీ కొత్త ప్యాడ్లు వేయించిన కొన్ని నెలలకే మళ్ళీ అదే శబ్దం వస్తే తప్పు ప్యాడ్లది కాకపోవచ్చు. కళింగపట్నం, బారువ, విజయనగరం జిల్లా చింతపల్లి లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో తిరిగే బళ్ళకు ఉప్పుగాలి, తేమ వల్ల కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగం) పిన్నులు త్వరగా తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. అసలు జబ్బు అక్కడుంటే ఎన్ని ప్యాడ్లు మార్చినా దండగే.

ముందు చెవులతో పట్టుకోండి. అద్దాలు దించి, ఖాళీ రోడ్డులో గోడ పక్కగా 20 కిలోమీటర్ల వేగంతో పోనివ్వండి. శబ్దం గోడకు కొట్టుకుని స్పష్టంగా వినిపిస్తుంది. రాత్రంతా వానలో ఉన్న బండి పొద్దున్న మొదటి నాలుగైదు బ్రేకులకు బరబరమని ఊరుకుంటే అది డిస్కు మీది పైపై తుప్పు, వదిలేయండి. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా రేకు గీకినట్టు ఒకేలా వస్తుంటే డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య రాయి ఇరుక్కుని ఉంటుంది. టెక్కలి వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్లలో ఇలాంటి రాళ్ళకు కొదవ లేదు. రేకును స్క్రూడ్రైవర్‌తో కొంచెం వంచితే రాలిపోతుంది. వేగంతో పాటు హోరు పెరిగి, మలుపుల్లో మారుతుంటే వీల్ బేరింగ్‌ను అనుమానించండి.

తొక్కినప్పుడు సన్నగా కీచుమంటే చాలా ప్యాడ్లకు ఉండే హెచ్చరిక రేకు డిస్కును తాకుతున్నట్టు. ఇంకా కొంత వ్యవధి ఉంది. గరగరమని పెడల్ కూడా అదురుతుంటే వ్యవధి లేదు. ఆ బండితో ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కకండి. దిగేటప్పుడు వేడెక్కిన బ్రేకు పట్టదు.

విప్పేటప్పుడు బండి చదునైన గట్టి నేల మీద ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు పావు చుట్టు వదులు చేసి, జాకీతో లేపి, స్టాండ్ పెట్టి, చక్రం తీయండి. స్టాండ్ లేకపోతే ఈ పని ఇంట్లో వద్దు.

కొత్త ప్యాడ్ పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కి వచ్చిందంటే మార్చేయాలి. బయటి ప్యాడ్ ఒక్కటే చూసి బాగుందనుకోవడం దగ్గరే అందరూ మోసపోతారు. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది. కాలిపర్ పిన్నుల మీద జారి వచ్చి బయటి ప్యాడ్‌ను లాగాలి. పిన్ను పట్టేస్తే ఆ జారుడు ఉండదు, లోపలిది ఒక్కటే అరిగి ఇనుప పలక తేలుతుంది. ఒక ప్యాడ్ ఏటవాలుగా అరిగినా అనుమానం పిన్ను మీదే.

కాలిపర్ కింది బోల్టు విప్పండి. చాలా చిన్న కార్లకు 12 లేదా 14 స్పానర్ పడుతుంది. కాలిపర్‌ను పైకి తిప్పి తీగతో కట్టండి, బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకండి. పిన్ను వేళ్ళతో తోస్తే మెత్తగా జారాలి. లాగితే గోధుమరంగు పొడితో, గ్రీజు ఎండి గట్టిపడి వస్తే మీ శబ్దానికి కారణం దొరికినట్టే. తుడిచి, లోపలి రంధ్రం కూడా శుభ్రం చేసి, శనగగింజంత సిలికాన్ బ్రేకు గ్రీజు రాయండి. మామూలు గ్రీజు వద్దు, పిన్నులను కప్పే రబ్బరు తొడుగులు (బూట్లు) ఉబ్బిపోతాయి. పిన్ను మీద గుంటలు పడితే పిన్ను, బూటు చిరిగితే బూటు మార్చాలి. కొన్ని కార్లలో పై పిన్నుకూ కింది పిన్నుకూ తేడా ఉంటుంది, ఎక్కడిది అక్కడే పెట్టండి.

డిస్కు మీద గోరు పెట్టి గీయండి. గోరు పట్టుకునే లోతు గీతలుంటే మందం కొలవాలి. డిస్కు అంచున అరగని గట్టు ఉంటుంది కాబట్టి మందం కొలిచే వర్నియర్ నేరుగా పెడితే ఎక్కువ చూపిస్తుంది. రెండు వైపులా ఒక్కో నాణెం ఆనించి కొలిచి, నాణేల మందం తీసేయండి. కనీస మందం చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. లేత్ మీద తీయించాక కూడా అంతకన్నా మందంగా మిగలాలి, లేదంటే రెండు వైపులా కొత్త డిస్కులే. కొత్తవి బిగించే ముందు డిస్కు కూర్చునే హబ్ మీది తుప్పు బ్రష్‌తో గీకండి. అది వదిలేస్తే డిస్కు ఒంకరగా కూర్చుని పెడల్ అదురుతుంది. డిస్కు మీది నూనె పొరను బ్రేకు క్లీనర్‌తో తుడవాలి.

పిస్టన్ వెనక్కి నెట్టే ముందు బ్రేకు ఆయిల్ డబ్బా మూత వదులు చేసి చుట్టూ గుడ్డ పెట్టండి. బ్రేకు ఆయిల్ పెయింటును తినేస్తుంది. పాత ప్యాడ్ అడ్డం పెట్టి సి-క్లాంప్‌తో నెమ్మదిగా నొక్కండి. కదలకపోతే బలం పెట్టకండి, పిస్టన్ పట్టేసింది, షెడ్డుకు పంపాలి. ప్యాడ్లు రెండు చక్రాలకూ కలిపి నాలుగూ మార్చాలి. వాటి ముఖానికి గ్రీజు అంటితే బ్రేకు పట్టదు.

బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి), చక్రం నట్లు ఎదురెదురుగా బిగించండి. ఇంజను వేశాక, గేరు వేయకముందే పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు తొక్కండి. మరిచిపోతే మొదటి బ్రేకుకు పెడల్ నేలకు తాకుతుంది, బండి ఆగదు.

తర్వాత ఖాళీ రోడ్డులో 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి మెత్తగా 8, 10 సార్లు తగ్గించండి. మధ్యలో చల్లారనివ్వండి, పూర్తిగా ఆపకండి. మామూలుగా ఇంకో 10 కిలోమీటర్లు నడిపి ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, డిస్కును మాత్రం తాకకండి. ఒక వైపు వేడి రెండో వైపు కన్నా బాగా ఎక్కువగా ఉంటే ఆ కాలిపర్ ఇంకా వదలడం లేదు, మళ్ళీ విప్పాల్సిందే.