అమ్మానాన్నలకు దూరమైన వలస పిల్లల దగ్గర ఎలా ఉండాలి

సరిహద్దు దగ్గరో, వలస దారిలోనో తల్లిదండ్రుల నుంచి విడిపోయిన పిల్లలకు నేను కౌన్సెలింగ్ చేస్తాను. వాళ్లకు ఆశ్రయం ఇచ్చినవాళ్లు ముందుగా అడిగేది, "ఏం జరిగిందో వీడిచేత ఎలా చెప్పించాలి?" అని. చెప్పించకండి. వచ్చీరాగానే గుచ్చి గుచ్చి అడిగితే భయం పెరిగే ప్రమాదం ఉంది. తనంతట తానే చెబితే వినండి.

బిడ్డకు ముందు కావాల్సింది ఈ రోజు ఎలా గడుస్తుందో తెలియడం. తిండి ఎప్పుడు, ఆట ఎప్పుడు, రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు, ఇవన్నీ బొమ్మలు గీసి గోడకు అంటించండి. చూసుకునే మనిషిని మాటిమాటికీ మార్చకండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంటికి దూరమైన పిల్లల కోసం లండన్‌లో హాంప్‌స్టెడ్ నర్సరీలు నడిపిన పిల్లల మనోవిశ్లేషకులు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ వాళ్లను చిన్న చిన్న 'కుటుంబాలు'గా చేసి, ఒక్కో గుంపును ఒక్కొక్కరికి అప్పగించారు. షిఫ్టుకో మనిషి వచ్చే షెల్టర్లలో నేను పట్టుబట్టేది దీనికోసమే. తోబుట్టువుల్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విడదీయవద్దు.

"అమ్మ రేపొస్తుంది" అని ఊరికే అనకండి. "ఎప్పుడొస్తుందో ఇంకా తెలీదు, కనుక్కుంటున్నాం, తెలియగానే నీకే చెబుతా" అనండి. తన అల్లరి వల్లే ఇలా అయిందని చాలామంది పసివాళ్లు అనుకుంటారు. అందుకే "నీ తప్పేం లేదు" అని అడగకపోయినా చెబుతూ ఉండాలి. అమ్మతో ఫోన్ కుదిరితే రోజూ ఒకే వేళకు మాట్లాడించండి. మాట్లాడాక ఏడుస్తున్నారని ఫోన్లే ఆపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏడవనివ్వండి, పక్కనే ఉండండి. తల్లిదండ్రుల జాడే తెలియకపోతే రెడ్ క్రాస్‌ను అడగండి, విడిపోయిన కుటుంబాల ఆచూకీ వెతకడం వాళ్ల పనుల్లో ఒకటి.

పక్క తడిపినా, కడుపునొప్పి అంటున్నా, మాటలు తగ్గినా తిట్టకండి. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. చచ్చిపోతాననే మాట వస్తే మాత్రం ఆ రోజే. డాక్టరు దగ్గర దుబాసీగా బిడ్డ అన్ననో అక్కనో కూర్చోబెట్టకండి.

కలిసే రోజుకు తల్లిని ముందే సిద్ధం చేయాలి. 2018లో అమెరికా సరిహద్దులో విడదీసిన పిల్లల్ని కోర్టు ఆదేశంతో తిరిగి అప్పగించినప్పుడు, కొందరు పసివాళ్లు కన్నతల్లినే చూసి మొహం తిప్పుకున్నారు. అది ద్వేషం కాదని ఆమెకు చెప్పండి. గబుక్కున ఎత్తుకోకుండా కాస్త దూరంలో నేల మీద కూర్చుని ఆడుకోమనండి, బిడ్డే దగ్గరికొస్తుంది. అప్పటిదాకా చూసుకున్న మనిషి కూడా కాసేపు అక్కడే ఉండాలి. తల్లికీ విడిగా కౌన్సెలింగ్ అడగండి. ఆ అమెరికా కేసుల్లోనే 2019లో ఒక ఫెడరల్ జడ్జి, పిల్లలతోపాటు తల్లిదండ్రులకూ మానసిక వైద్యం ప్రభుత్వమే అందించాలన్నారు.